కనిపించలేదంటే లేనట్టేనా? కలివి కోడి లెక్కతో ఆక్యుపెన్సీ నమూనా

నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాను. ఈ పాఠానికి ఒక స్ప్రెడ్‌షీటు, ఇంటర్మీడియట్‌లో చదువుకున్న సంభావ్యత ఉంటే చాలు. ఖరీదైన సాఫ్ట్‌వేరు ఏదీ కొననవసరం లేదు. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసుతో మొత్తం చేసేయవచ్చు.

డిగ్రీ, పీజీ ప్రాజెక్టు రిపోర్టులు చూస్తున్నప్పుడు నన్ను ఎక్కువగా విసిగించేది ఒక్క మాట: "ఈ ప్రాంతంలో ఈ జాతి లేదు." ఎలా తెలిసింది అని అడిగితే, "వెళ్ళి చూశాం సార్, కనిపించలేదు" అంటారు. కనిపించలేదు అనేది మీ కళ్ళకు సంబంధించిన విషయం. లేదు అనేది ఆ జీవికి సంబంధించిన విషయం. ఈ రెండింటి మధ్య దూరాన్ని సంఖ్యలతో కొలవడమే ఇవాళ్టి పని. దానికి మన జిల్లా కంటే మంచి ఉదాహరణ ఎక్కడా దొరకదు.

కలివి కోడి (జెర్డాన్స్ కోర్సర్) అనే పక్షి సంగతి మీలో చాలామందికి తెలుసు. థామస్ జెర్డాన్ వెలుగులోకి తెచ్చిన ఈ పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లిత్ శాస్త్రీయంగా వర్ణించాడు. తర్వాత అడపాదడపా కనిపించింది. 1900లో అనంతపురం వైపు హోవార్డ్ క్యాంప్‌బెల్ చూసినట్టు నమోదైంది. ఆ తర్వాత ఏ నమోదూ లేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకులాటలో, ఒక స్థానిక వేటగాడి చేతికి చిక్కింది. ఆ ప్రాంతమే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం అయింది.

ఇప్పుడు కాలాన్ని 1985కు వెనక్కి తిప్పుదాం. మీరు గణాంకశాస్త్రం తెలిసినవారు. పక్షి అంతరించిందా లేదా తేల్చమని మిమ్మల్ని అడిగారు. దీనికి ఆండ్రూ సోలో ఆ తర్వాత 1993లో ఇచ్చిన ఒక చిన్న సూత్రాన్ని ముందే అరువు తెచ్చుకుందాం. పక్షి బతికే ఉండి, ఏ సంవత్సరంలోనైనా కనబడే అవకాశం సమానంగా ఉంటే, నమోదులన్నీ కాలరేఖ మొదటి భాగంలోనే పడి, చివర ఇంత ఖాళీ మిగలడానికి సంభావ్యత ఎంత? ఇదీ ఆ సూత్రం అడిగే ప్రశ్న.

షీటులో వేయండి. 1848 నుంచి 1900 వరకు 52 ఏళ్ళు. 1848 నుంచి 1985 వరకు 137 ఏళ్ళు. 52ను 137తో భాగిస్తే 0.38. మొదటిదాన్ని పక్కనపెట్టి, లెక్క కోసం 4 నమోదులు ఉన్నాయనుకుందాం. అప్పుడు 0.38ని 4వ ఘాతానికి పెంచాలి. దాదాపు 0.02 వస్తుంది, అంటే నూటికి రెండు. పరీక్షలో 0.05 కంటే తక్కువ వస్తే ఏం చేయాలో మనకు అలవాటే కదా. వెంటనే "అంతరించింది" అని మరణ ధ్రువీకరణ పత్రం రాసి సంతకం పెట్టేస్తాం. మరుసటి ఏడాది జనవరిలో పక్షి చేతికి చిక్కుతుంది.

సూత్రంలో తప్పు లేదు. గుణకారంలోనూ లేదు. "ఏ సంవత్సరంలోనైనా కనబడే అవకాశం సమానం" అనే షరతు దగ్గర తేడా వచ్చింది. ఇది రాత్రిపూట తిరిగే పక్షి. ముళ్ళపొదల మధ్య నేల మీద మసలుతుంది. పొడవు దాదాపు 27 సెంటీమీటర్లు. పగలు బైనాక్యులర్లు మెడలో వేసుకుని తిరిగేవారికి ఎన్నేళ్ళయినా దొరకదు. ఆ 85 ఏళ్ళలో రాత్రిపూట ఆ పొదల్లో దాన్ని వెతికినవారు ఎందరు? ఆ వివరం లేకుండా ఆ మౌనానికి బరువు కట్టలేం.

అందుకే పద్ధతి మార్చాలి. చూడగలిగే అవకాశాన్ని ఊహించుకోకుండా దాన్నే డేటా నుంచి రాబట్టాలి. 2002లో డారిల్ మెకెంజీ బృందం ఇచ్చిన ఆక్యుపెన్సీ నమూనా, అంటే ఒక జీవి ఎన్ని చోట్ల ఉందో అంచనా వేసే లెక్క, చేసేది ఇదే. అందులోని ఉపాయం చాలా సాదా: ఒకే చోటికి ఒకసారి కాదు, పదే పదే వెళ్ళాలి.

అభ్యాసం కోసం ఒక డేటా తయారుచేశాను. ఇది కల్పిత డేటా అని గుర్తుంచుకోండి, ఎక్కడా ఉటంకించకండి. పద్ధతి మాత్రం నిజమైనదే. నున్నటి మట్టి పరిచిన పట్టీలు వేసి, తెల్లవారాక వాటి మీద అడుగుజాడలు చూడడం కలివి కోడి పరిశోధనలో పి. జగన్నాథన్ బృందం నిజంగా వాడిన విధానం. మన ఉదాహరణలో పొదల అడవిని 40 చదరాలుగా విభజించాం. ప్రతి చదరంలో పట్టీలు వేసి 4 రాత్రుల జాడలు చూశాం. జాడ ఉంటే 1, లేకపోతే 0. షీటులో 40 అడ్డు వరుసలు, 4 నిలువు వరుసలు.

ఫలితం ఇది. 12 చదరాల్లో కనీసం ఒక్క రాత్రయినా జాడ దొరికింది. మిగిలిన 28 చదరాల్లో నాలుగు రాత్రులూ సున్నాలే. మొత్తం 1లు లెక్కపెడితే 20.

మామూలుగా అయితే 12ను 40తో భాగించి, "30 శాతం చదరాల్లో పక్షి ఉంది" అని రాసి ముగిస్తారు. మనం కొంచెం లోపలికి వెళ్దాం.

జాడ దొరికిన 12 చదరాలు మాత్రమే తీసుకోండి. అక్కడ పక్షి ఉన్నట్టు మనకు ఖాయం. అయినా ఆ చదరాల్లో గడిపిన 48 రాత్రుల్లో జాడ పడింది 20 రాత్రులే. 20ను 48తో భాగిస్తే 0.417. అంటే పక్షి ఉన్నచోట కూడా సగానికి పైగా రాత్రులు మనకు ఏమీ దొరకలేదు. ఈ సమాచారాన్ని మనకు ఇచ్చింది మళ్ళీ మళ్ళీ వెళ్ళడమే. ఒక్కసారే వెళ్ళి ఉంటే ఇది తెలిసే దారే లేదు.

అయితే 0.417నే "ఒక రాత్రిలో కనబడే సంభావ్యత" అనేయకూడదు. ఇక్కడ వీడియోను ఒకసారి ఆపి, ఎందుకో ఆలోచించండి. ఆ 12 చదరాలు యథాలాపంగా ఎంచినవి కావు. కనీసం ఒకసారి జాడ దొరికినందుకే ఆ జాబితాలోకి వచ్చాయి. పక్షి ఉండి కూడా నాలుగు రాత్రులూ దురదృష్టవశాత్తు ఖాళీగా మిగిలినవి ఆ 28లో కలిసిపోయాయి. కాబట్టి 0.417 అసలు విలువ కంటే కాస్త ఎక్కువ.

అసలు విలువను "పి" అందాం. ఒక రాత్రి తప్పిపోయే సంభావ్యత ఒకటి మైనస్ పి. నాలుగు రాత్రులూ తప్పిపోయే సంభావ్యత దాని 4వ ఘాతం. దాన్ని ఒకటి నుంచి తీసేస్తే, కనీసం ఒకసారి దొరికే సంభావ్యత వస్తుంది. పి ని దీనితో భాగిస్తే 0.417 రావాలి. చేత్తో సాధించడం చిరాకు. స్ప్రెడ్‌షీటు సాధించి పెడుతుంది.

బి1 సెల్‌లో పి కి ఏదో ఒక విలువ వేయండి, 0.2 అనుకోండి. బి2లో ఇప్పుడు చెప్పిన సూత్రం వేయండి. ఘాతం గుర్తుకు కీబోర్డులో 6 మీద ఉండే టోపీ గుర్తు వాడాలి. బ్రాకెట్లు జాగ్రత్త, ఎక్కువమంది చిక్కుకునేది అక్కడే. ఇక లిబ్రే ఆఫీసులో టూల్స్ మెనూ తెరిచి గోల్ సీక్ నొక్కండి. ఎక్సెల్‌లో అయితే డేటా ట్యాబులో వాట్ ఇఫ్ అనాలిసిస్ కింద ఉంటుంది. సూత్రం ఉన్న సెల్ బి2, రావలసిన విలువ 0.4167, మార్చవలసిన సెల్ బి1. సరే నొక్కితే బి1లో 0.335 దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు బి3లో, ఒకటి మైనస్ పి ని 4వ ఘాతానికి పెంచండి. 0.196 వస్తుంది. పక్షి ఉన్న చదరాల్లో దాదాపు ఐదింట ఒకటి మనకు పూర్తిగా తప్పిపోతుందన్నమాట. కనీసం ఒకసారి దొరికేవి 0.804. మనం చూసిన 0.30ని 0.804తో భాగించండి. 0.373 వస్తుంది. 40 చదరాలతో గుణిస్తే దాదాపు 15. మనకు దొరికినవి 12, ఉన్నవి సుమారు 15.

ఆ మిగిలిన మూడు ఎక్కడున్నాయి? 28 ఖాళీ చదరాల్లో. ఏ మూడో చెప్పలేం, కానీ ఒక్కొక్కదానికి ఎంత అవకాశముందో చెప్పగలం. బేయస్ సూత్రం ఇక్కడ పనికొస్తుంది. పక్షి ఉండి కూడా తప్పిపోయే సంభావ్యత 0.373 ఇంటూ 0.196, అంటే 0.073. పక్షి అసలు లేని సంభావ్యత 0.627. రెండూ కూడితే 0.7. 0.073ను 0.7తో భాగిస్తే 0.104. నాలుగు రాత్రులు ఖాళీగా ఉన్న ఒక చదరంలో పక్షి ఉండే అవకాశం ఇంకా నూటికి పది. 28తో గుణించి చూడండి, దాదాపు 3 వస్తుంది. లెక్క రెండు వైపుల నుంచీ కలిసింది. ఇలా కలిసినప్పుడు నాకు నిజంగానే సంతోషంగా ఉంటుంది, దాచుకోను.

ఈ పది శాతం కాగితం మీద చిన్నదిగా కనిపించవచ్చు. ఆ చదరం గుండా కాలువ తవ్వాలో, రోడ్డు వేయాలో నిర్ణయించేటప్పుడు అది చిన్నది కాదు. లంకమల ప్రాంతంలో కలివి కోడి ఆవాసం, తెలుగుగంగ కాలువ పనుల మధ్య జరిగిన వివాదం మీకు తెలిసే ఉంటుంది. అలాంటి చోట "నాలుగు రాత్రులు చూశాం, లేదు" అనే నివేదిక ఎంత బలహీనమైనదో ఇప్పుడు మీరే లెక్కగట్టి చూపించగలరు. మరి ఎన్ని రాత్రులు చూడాలి? పక్షి ఉన్నప్పుడు తప్పిపోయే అవకాశం 0.05 కంటే తగ్గాలంటే, 0.665ను ఎన్నిసార్లు గుణించాలో చూడండి. 7 రాత్రులకు 0.058, 8 రాత్రులకు 0.038. కాబట్టి 8 రాత్రులు. ప్రాజెక్టు మొదలుపెట్టకముందే వేసుకోవలసిన లెక్క ఇది. అంతా అయ్యాక నా దగ్గరకు తెస్తే నేను చేయగలిగింది పెద్దగా ఉండదు.

కొన్ని షరతులున్నాయి. నాలుగు రాత్రుల మధ్య పక్షి ఆ చదరాన్ని వదిలి వెళ్ళిపోకూడదు, కొత్తగా రాకూడదు. అందుకే రాత్రులను ఎండాకాలం నుంచి వానాకాలం దాకా సాగదీయకండి. రెండోది, గుర్తింపులో పొరపాటు. తీతువు అడుగును కలివి కోడిదిగా రాసుకుంటే, పక్షి లేని చదరం కూడా ఉన్నవాటిలో చేరి అంచనా అమాంతం పెరుగుతుంది. అనుమానమున్న జాడను 1గా రాయకండి. మూడోది, చదరాలన్నింటిలో పి ఒకేలా ఉండాలి. కొన్నిచోట్ల తేలికగా, కొన్నిచోట్ల కష్టంగా దొరికితే మన 15 కూడా అసలు కంటే తక్కువే అవుతుంది. పైగా 40 చదరాలతో వచ్చిన 15 చుట్టూ అనిశ్చితి బాగానే ఉంటుంది. విశ్వాస అంతరం, అంటే అసలు విలువ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండవచ్చో చెప్పే హద్దులు, లేకుండా ఆ సంఖ్యను ఒంటరిగా వదలకండి. దానికి గణాంకాల కోసం వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అన్‌మార్క్‌డ్ అనే ప్యాకేజీ ఉంది. ఇప్పుడు చేత్తో చేశారు కాబట్టి, అది లోపల ఏం చేస్తోందో మీకు అర్థమవుతుంది.

ఆ ప్యాకేజీలోకి వెళ్ళాక పొదల సాంద్రత వంటి వివరాలను కూడా చేర్చవచ్చు. ఇక్కడొక చిక్కు ఉంది. జగన్నాథన్ బృందం పరిశీలనల ప్రకారం కలివి కోడికి హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలున్న నేల అనుకూలం. మరీ బోడిగా ఉన్నా పనికిరాదు, మరీ దట్టంగా ఉన్నా పనికిరాదు. మీరు సరళరేఖ గీస్తే రెండు చివరలూ ఒకదానినొకటి కొట్టేసుకుని "పొదలకూ పక్షికీ సంబంధం లేదు" అని వస్తుంది. పొదల సంఖ్యతోపాటు దాని వర్గాన్ని (2వ ఘాతాన్ని) కూడా నమూనాలో పెట్టండి. గీత మధ్యలో ఎత్తుగా లేస్తుంది.

ఇంకో పక్క నంద్యాల జిల్లా రోళ్లపాడు చూడండి. 2022 దాకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఆ చోటుకు పేరు తెచ్చిన బట్టమేక పిట్ట మీటరు ఎత్తు ఉంటుంది, పగలే, విశాలమైన గడ్డినేలలో తిరుగుతుంది. అక్కడ పి చాలా ఎక్కువ. కాబట్టి రోళ్లపాడులో వరుసగా వచ్చే సున్నాలు లంకమల సున్నాల కంటే ఎంతో బరువైనవి. రెండు చోట్లా షీటులో ఉండేది అదే అంకె, చెప్పేది మాత్రం ఒకటి కాదు.

జీవ పరిణామం చదివేవారు ఇది మన విషయం కాదనుకోకండి. బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు జరిపాడు. ఆ గుహల ఎముకలను మళ్ళీ పరిశీలించిన ప్యాట్రిక్ రాబర్ట్స్ బృందం 2014లో, గుర్తించిన 21 క్షీరద రకాల్లో 20 ఉపఖండంలో గత రెండు లక్షల ఏళ్ళుగా కొనసాగాయని చెప్పింది. ఒక పొరలో ఎముక దొరకనంత మాత్రాన ఆ జంతువు అప్పటికే పోయిందని కాదు. చివరి శిలాజం చివరి జంతువుది కావడం దాదాపు అసాధ్యం. దీన్ని 1982లో ఫిలిప్ సిగ్నర్, జియర్ లిప్స్ వివరించారు. అక్కడ రాత్రుల బదులు మట్టి పొరలు, అంతే తేడా.

ఇక మీ సొంత డేటా ఎక్కించేముందు ఒక్క జాగ్రత్త. వాన పడి పట్టీ చెరిగిపోయిన రాత్రి, మీరు వెళ్ళలేకపోయిన రాత్రి, మేకల మంద తొక్కేసిన రాత్రి, ఇవేవీ సున్నాలు కావు. ఆ సెల్‌ను ఖాళీగా వదలండి. ఖాళీలున్న వరుసలకు ఘాతం 4 కాకుండా, నిజంగా చూసిన రాత్రుల సంఖ్య అవుతుంది. ఆ వరుసలు వచ్చాక గోల్ సీక్ సరిపోదు. ఒక్కో వరుసకు సంభావ్యత రాసి, వాటి లాగరిథమ్‌లు కూడి, ఆ మొత్తాన్ని గరిష్ఠం చేయాలి. అది స్ప్రెడ్‌షీటులోనే ఉండే సాల్వర్ అనే సాధనంతో ఎలా చేయాలో తర్వాతి వీడియోలో చూద్దాం. ఈలోగా ఇవాళ్టి షీటులో 20ని 14గా మార్చి, పి ఎంతకు పడిపోతుందో, 15 ఎంతకు పెరుగుతుందో చూసి కింద రాయండి.