బల్లమీద వదిలేసిన పుస్తకం

శ్రోతలకు నమస్కారం.

గ్రంథాలయం తలుపులు తెరుచుకునే వేళకు మీరు వస్తారు. మేము అంతకు గంట ముందే వస్తాం. ఆ గంట గురించి, దాని వెంట సాగే రోజు గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను. చాలా ఏళ్లుగా ప్రజా గ్రంథాలయంలో పనిచేస్తున్నదాన్ని. ఈ పని నాకు ప్రాణం.

పొద్దున్నే మొదట చేసేది వాపసు పెట్టె తెరవడం. గ్రంథాలయం మూసి ఉన్న వేళల్లో పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి గోడకు అమర్చిన ఇనుప పెట్టె అది. తాళం తీసి, ఒక్కొక్క పుస్తకాన్నీ చేతిలోకి తీసుకుంటాం. వెన్ను పట్టుకుని, పేజీలను బొటనవేలితో గబగబా జార్చి చూస్తాం. బస్సు టిక్కెట్టు రాలుతుంది. ఎండిన ఆకు రాలుతుంది. ఒక్కోసారి మందుల చీటీ, ఒక్కోసారి ఎవరిదో పాత ఫొటో. వాటిని కవరులో పెట్టి, పేరు రాసి పక్కన ఉంచుతాం. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు నిజంగానే వస్తారు. తడి తగిలిందా, కుట్టు వదిలిందా, పేజీ చిరిగిందా అని చూశాక కంప్యూటర్‌లో వాపసు నమోదు చేస్తాం. ఈ నమోదు మరిచిపోయి పుస్తకాన్ని అరలో పెట్టేస్తే, అది సభ్యుడి పేరుమీదే ఉండిపోతుంది. నెల తిరిగాక మేము ఫోను చేస్తాం. ఎప్పుడో ఇచ్చేశానని ఆయన అంటారు. ఆయన చెప్పేది నిజం, మా రికార్డు చెప్పేది అబద్ధం. అందుకే మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఇచ్చేశానని ఎవరైనా అంటే ముందు మా అరలు వెతకాలి. ఆ తర్వాతే మరో మాట.

ఇక తోపుడు బండి. వాపసు వచ్చిన పుస్తకాలను సంఖ్యల వరసలో బండిలో పేర్చుకుని, ఒక్కొక్కదాన్నీ దాని చోటికి చేర్చడం. చూడటానికి చిన్న పనే. ఇందులో దొర్లిన పొరపాటు మాత్రం నెలల తరబడి ఎవరి కంటా పడదు. 1876లో మెల్విల్ డ్యూయీ ప్రవేశపెట్టిన దశాంశ వర్గీకరణను ఇవాళ్టికీ ఎన్నో దేశాల గ్రంథాలయాలు వాడుతున్నాయి. విషయాలన్నిటినీ పది వర్గాలు చేసి, ఒక్కో వర్గాన్ని మళ్లీ పదిగా విడగొట్టుకుంటూ పోవడం దాని పద్ధతి. 500 అంటే విజ్ఞానశాస్త్రాలు. అందులో 520 ఖగోళశాస్త్రం. 523 దగ్గర గ్రహాలు, నక్షత్రాలు. 523.46 శనిగ్రహం, 523.5 ఉల్కలు. కొత్తగా చేరినవాళ్ల చేయి ఇక్కడే తడబడుతుంది. నలభై ఆరు అయిదుకన్నా పెద్దది కదా అని శనిగ్రహాన్ని ఉల్కల తర్వాత పెడతారు. చుక్క దాటాక అంకెలను ఒక్కొక్కటిగా చదవాలి. నాలుగు, అయిదుకన్నా ముందు వస్తుంది. కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఒక్క సంగతీ రెండు రోజులు చేయిస్తాను. అది చాదస్తమని అనుకునేవాళ్లకు ఒక పాప సంగతి చెబుతాను.

ఒక సాయంత్రం తొమ్మిది, పదేళ్ల పాప నా బల్ల దగ్గరికి వచ్చి, శనిగ్రహం చుట్టూ ఉండే వలయాలు దేనితో తయారయ్యాయని అడిగింది. కేటలాగులో చూస్తే పిల్లల పుస్తకం ఒకటి ఉంది. ఎవరూ తీసుకెళ్లలేదనే చూపిస్తోంది. అర దగ్గరికి వెళ్తే లేదు. పై అర, కింది అర, పక్క బీరువా, బండి, బైండింగుకు పంపాల్సిన కట్ట, అన్నీ వెతికాం. పాప కాసేపు నా వెనకే తిరిగింది. తర్వాత వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లారు.

పదకొండు రోజుల తర్వాత అరలు సరిచూస్తుంటే ఆ పుస్తకం దొరికింది. 532 దగ్గర, ద్రవాల ప్రవాహం గురించిన లావుపాటి పుస్తకాల మధ్య నలిగి ఉంది. 523ని ఎవరో 532గా చదివారు. తెరిచి చూస్తే అందులో ఇంకో తప్పు. సూర్యుడి చుట్టూ తొమ్మిది గ్రహాలని రాసి ఉంది. ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసి మరుగుజ్జు గ్రహంగా లెక్కించాలని అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2006 ఆగస్టులో తీర్మానించింది. అంటే ఆ పుస్తకం ఎప్పుడో అరలోంచి వెళ్లిపోయి ఉండాల్సింది. కొత్త పుస్తకం తెప్పించి వాళ్లింటికి ఫోను చేశాను. పాప వచ్చింది. శనిగ్రహం బొమ్మ ఉన్న అట్ట చూసి, నా మర్యాద కోసం నాలుగు పేజీలు తిప్పి, తిమింగలాలు ఎలా నిద్రపోతాయో చెప్పే పుస్తకం ఉందా అని అడిగింది.

దానికి 599.5 దగ్గర రెండు నిమిషాల్లో జవాబు దొరికింది. వలయాల ప్రశ్న మాత్రం అప్పటికే చల్లారిపోయింది. అవి మంచు ముక్కలు, రాతి ముక్కలు అని ఆ సాయంత్రమే చదువుకుని ఉంటే, ఆ వెంటనే ఇంకేమి అడిగేదో!

గణితం బోధిస్తూ ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత చేపట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. పరీక్ష కోసం ఆ సూత్రాన్ని నేనూ కంఠస్థం చేశాను. గడియారంలో నిమిషాల లెక్కే అనుకున్నాను. ప్రశ్న వేడిగా ఉన్నప్పుడే పుస్తకం అందాలన్నది దాని లోతు అని ఆ పాప వెళ్లాక తెలిసింది. అప్పటినుంచి మా గ్రంథాలయంలో ఏ పని చేపట్టినా, మనిషికీ జవాబుకూ మధ్య దూరం ఇది తగ్గిస్తుందా అని అడుగుతూ వచ్చాను.

ఆ దూరం ఒక్కోసారి అరల్లో కాక మాటల్లో ఉంటుంది. మా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది తమకు కావలసింది అడగరు. గ్రంథాలయంలో ఏం దొరుకుతుందని ఊహిస్తారో దాన్నే అడుగుతారు. రాబర్ట్ టేలర్ అనే గ్రంథాలయ శాస్త్ర పండితుడు 1968లో ఈ సంగతిని వివరంగా రాశారు. ఒకాయన వచ్చి "చట్టాల పుస్తకాలు ఎక్కడండీ?" అన్నారు. వేలు చూపించి అటు పంపేస్తే నా పని అయిపోయినట్టే. "ఏ విషయం గురించండీ?" అన్నాను. ఇళ్ల గురించి అన్నారు. "కొనడానికా, అద్దెకా?" కాస్త ఆగి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. ఇల్లు ఖాళీ చేయమని యజమాని పంపిన నోటీసు అది. ఆయనకు కావలసింది నోటీసు గడువు గురించి చెప్పే ఒక చిన్న పుస్తకం, ఉచిత న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుందో తెలిపే చిరునామా. చట్టాల అరల ముందు గంటసేపు నిలబడినా ఆయన చేతికి అవి వచ్చేవి కావు. మేము న్యాయ సలహా ఇవ్వకూడదు, వైద్య సలహా ఇవ్వకూడదు. సరైన కాగితం ముందు సరైన మనిషిని కూర్చోబెట్టగలం. ఇలాంటి మాటలు గొంతు తగ్గించి మాట్లాడాలి, ఎవరు ఏం అడిగారన్నది బల్ల దాటి పోకూడదు. మేము వాడే సాఫ్ట్‌వేర్ పేరు కోహా. న్యూజిలాండ్‌లో ఒక గ్రంథాలయం కోసం తయారై, 2000లో అక్కడ పని మొదలుపెట్టి, ఇప్పుడు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉంది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. పుస్తకం తిరిగి వచ్చాక, అది ఎవరు చదివారన్న ముడిని తెంచేసే వీలు అందులో ఉంది. మేము తెంచేస్తాం.

ఇక కార్యక్రమాలు. పిల్లల కథాసమయం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే అది ఎవరైనా చేయగల పని అని చాలామంది అనుకుంటారు. బొమ్మల పుస్తకాన్ని ముందురోజు రెండుసార్లు పైకి చదువుకోవాలి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో ముందే తెలియాలి. బొమ్మ చివరి వరసలో కూర్చున్న పిల్లవాడికి కనిపించాలి, కాబట్టి గది చివర నిలబడి ఒకసారి చూసుకోవాలి. పుస్తకాన్ని భుజం పక్కకు ఎత్తి పట్టుకుని, పక్కచూపుతో చదవడం అలవాటు కావాలి. అరగంట చాలు. మధ్యలో లేచి చేతులు ఊపే పాట ఒకటి ఉండాలి. మధ్యలో ఎవరైనా లేచి వచ్చి పేజీ మీద వేలు పెడితే, కథ ఆపి ఆ వేలు చూపిస్తున్న దాన్నే చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, కథ అయిపోయేసరికి పక్క బల్లమీద అదే విషయం మీద ఇరవై, ముప్పై పుస్తకాలు అట్టలు కనిపించేలా నిలబెట్టి ఉండాలి. కథ ముగిసిన అయిదు నిమిషాల్లో పిల్లలు ఆ బల్లమీద పడతారు. ఆ అయిదు నిమిషాల కోసమే మిగతాదంతా.

కార్యక్రమం బాగా జరిగిందా లేదా అని నేను కుర్చీలు లెక్కపెట్టి చెప్పను. ఆ సాయంత్రం బల్లమీదినుంచి ఎన్ని పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయో చూస్తాను. ఒకసారి మా హాలు నిండిపోయిన ప్రసంగం ఏర్పాటు చేశాం. చప్పట్లు బాగా పడ్డాయి. ఒక్క పుస్తకం కూడా కదలలేదు, ఎందుకంటే ఆ విషయం మీద ఒక్క పుస్తకాన్నీ మేము బయట పెట్టలేదు. ఆ తప్పు నాదే. పుస్తక చర్చలు, పెద్దలకు కంప్యూటర్ తరగతులు, ఉద్యోగ దరఖాస్తులు నింపడంలో సాయం ఇవన్నీ వారం వారం జరుగుతూనే ఉంటాయి. దరఖాస్తుల దగ్గర మా సిబ్బందికి ఒకటే హెచ్చరిక. ఎంత ఆలస్యమైనా సరే, పాస్‌వర్డు మాత్రం వచ్చినవాళ్లే కొట్టాలి. మన చేయి వాళ్ల కీబోర్డు మీదికి పోకూడదు.

పుస్తకాలు తీసేయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనికి మామీద కోపం వస్తుంది. గ్రంథాలయం పుస్తకాన్ని పారేయడమేమిటని నిలదీసినవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ మందుల మోతాదు మారిపోయిన పాత వైద్య గ్రంథం, తొమ్మిది గ్రహాలు నేర్పే పిల్లల పుస్తకం అరలో ఉంటే, వాటిని మేము నమ్మి సిఫారసు చేసినట్టే. గ్రంథాలయం పెరిగే జీవి అని రంగనాథన్ అయిదో సూత్రం. పెరిగే జీవి పాత ఆకులు రాల్చుకుంటుంది కూడా. అలాగని పాతదల్లా పోదు. మరెక్కడా దొరకని పుస్తకం, స్థానిక చరిత్ర చెప్పే పుస్తకం ఎంత శిథిలమైనా భద్రం చేస్తాం.

ఆలస్య రుసుము విషయంలో నా మనసు పూర్తిగా మారింది. రుసుము లేకపోతే పుస్తకాలు తిరిగి రావని నేనూ వాదించినదాన్నే. షికాగో ప్రజా గ్రంథాలయం 2019లో, న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం 2021లో ఆలస్య రుసుములు ఎత్తివేశాయి. షికాగోలో ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇళ్లలో ఉండిపోయిన పుస్తకాలు తిరిగి రావడం మొదలైంది. బాకీకి భయపడి మొహం చాటేసిన మనుషులూ వాటితోపాటు వచ్చారు. ప్రజా గ్రంథాలయ సేవ ఉచితంగా ఉండాలన్నది యునెస్కో ప్రకటనలోని మాట. 1949లో మొదట వెలువడిన ఆ ప్రకటనను 2022లో మరోసారి సవరించారు.

చివరగా మీతో నేరుగా ఒక మాట. ఒకప్పుడు ప్రజా గ్రంథాలయాల్లో పాఠకుడు అరల దగ్గరికి వెళ్లడానికి వీలుండేది కాదు. చీటీ రాసిస్తే లోపలినుంచి తెచ్చిచ్చేవారు. లండన్‌లోని క్లర్కెన్‌వెల్ గ్రంథాలయంలో జేమ్స్ డఫ్ బ్రౌన్ 1894లో ఆ అడ్డు తీసేసి, పాఠకులను అరల మధ్యకు రానిచ్చారు. పుస్తకాలు పోతాయని, కలగాపులగం అవుతాయని అప్పట్లో గట్టి వ్యతిరేకతే వచ్చింది. ఇవాళ మీరు చేయి చాచి ఏ పుస్తకమైనా తీసి చూస్తున్నారు. చూడండి, ఎన్నయినా చూడండి. చూశాక మాత్రం దాన్ని మీరే తిరిగి అరలో పెట్టకండి, బల్లమీద వదిలేయండి. వరస తప్పకుండా ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఇంటికి తీసుకెళ్లకుండా ఇక్కడే కూర్చుని చదివిన పుస్తకాలను మేము రోజూ బల్లలమీదినుంచే లెక్కపెడతాం. ఎవరూ తీసుకెళ్లని పుస్తకమని తొలగించబోతున్నదాన్ని ఆ లెక్క చూసి ఉంచేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. పేజీ చిరిగితే ఇంట్లో సెలోటేపు అంటించకండి. దాని జిగురు కాగితంలోకి ఇంకి, కొన్నేళ్లకు పసుపు మరకగా మిగులుతుంది. చిరిగిన ముక్కను అదే పేజీలో పెట్టి తెచ్చివ్వండి. పలుచటి కాగితంతో, పిండి జిగురుతో మేము అతుకుతాం. ఎందుకు చిరిగిందని అడగం.

సాయంత్రం ఆఖరి అరగంటలో బండి తోసుకుంటూ బల్లల మధ్యకు వస్తాం. అప్పటికి అక్కడ ఎన్ని పుస్తకాలు తెరిచి ఉంటే నాకు అంత సంతోషం. నమస్కారం.