ఏ స్పీకర్‌లో పెట్టినా మాట వినపడాలి

శ్రోతలకు నమస్కారం.

దేవరకొండ రోడ్డు మీద పోయే ఆటోలో ఒక జానపదం మోగుతుంటుంది. సీటు వెనక బాక్సుల్లోంచి డప్పు మోత వీపుకు తగులుతుంది గానీ, పాడే ఆయన ఏమంటున్నాడో ఒక్క ముక్క తెలియదు. అదే పాట ఫోన్‌లో పెడితే మాటలు తెలుస్తాయి, డప్పు మాత్రం రేకు డబ్బా మీద పుల్లతో కొట్టినట్టు ఉంటుంది. బతుకమ్మ నాడు మైక్ సెట్‌లో వేస్తే కోరస్ పాడిన ఆడవాళ్ల గొంతులు సగం మాయమవుతాయి. మూడు చోట్లా పాట ఒక్కటే.

నల్గొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి వైపు ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటర్, మైకు పెట్టుకొని పాటలు చేసే పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మంచి గొంతులు, మంచి సాహిత్యం. అటువంటి పాటలో మాట వినపడకుండా పోతే నాకు నిజంగా బాధేస్తుంది. జానపదానికి మాటే కదా ప్రాణం. గొంతు, డప్పు, కీబోర్డు, కోరస్ విడివిడిగా రికార్డు చేసి, ఏది ఎంత ఉండాలో చూసి కలపడాన్నే మిక్సింగ్ అంటారు. మాట దక్కేదీ పోయేదీ ఎక్కువగా అక్కడే.

శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క హెర్ట్జ్. అది తక్కువైతే కింది స్వరం, ఎక్కువైతే పై స్వరం. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్‌కు కింది స్వరాలను పలికించేంత గాలిని కదిలించే శక్తి లేదు. కొన్ని వందల హెర్ట్జ్‌ల కంటే కిందికి పోయేకొద్దీ దాని గొంతు పడిపోతుంది. డప్పు సంగతే చూడండి. ఒక చేతిలో లావు సిర్ర, ఇంకో చేతిలో సన్నని సిటికెన పుల్ల. సిర్ర దెబ్బలోని బరువు కింది స్వరాల్లో ఉంటుంది, సిటికెన పుల్ల చురుకు పై స్వరాల్లో ఉంటుంది. ఫోన్ పుల్లను వినిపించి సిర్రను వదిలేస్తుంది. ఆటోలో బాస్ పెంచిన బాక్సులు సిర్రను పెద్దది చేసి పుల్లనూ, గొంతునూ దాని కింద తొక్కేస్తాయి.

మరి ఫోన్‌లో సిర్రను ఎలా వినిపించాలి? ఇక్కడ మన మెదడే సాయం చేస్తుంది. మగగొంతు మూలస్వరం, అంటే అందులోని అన్నిటికన్నా కింది స్వరం, చాలామందిలో 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్యనే ఉంటుంది. అది చిన్న స్పీకర్‌లో సరిగ్గా పలకదు. అయినా ఫోన్‌లో మాట్లాడేది అన్ననో అక్కనో మనకు తెలిసిపోతుంది. మూలస్వరానికి రెండింతలు, మూడింతల మీద పలికే అనుస్వరాలను విని, లేని మూలాన్ని మెదడు ఊహించుకుంటుంది. అందుకని కింది మోతను ఊరికే పెంచితే లాభం లేదు. శాచురేషన్ లాంటి పనిముట్టుతో దానికి కాస్త పై అనుస్వరాలు కలిపితే, చిన్న స్పీకర్‌లోనూ ఆ బరువు ఉన్నట్టే తోస్తుంది.

మాటల స్పష్టత మధ్యలో ఉంటుంది. మన చెవికి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ ప్రాంతం అన్నిటికన్నా బాగా వినపడుతుంది, హల్లుల పదును కూడా చాలావరకు అక్కడే. మీడియం వేవ్ రేడియోలో స్టేషన్‌కూ స్టేషన్‌కూ ఎడం 9 కిలోహెర్ట్జ్. ఆ ఇరుకులో 4,500 హెర్ట్జ్ దాటిన స్వరానికి పెద్దగా చోటుండదు. అయినా మన పెద్దలు ఆ రేడియోలోనే పాటలు విని, చరణాలకు చరణాలు కంఠతా పట్టారు. ఆ మధ్య భాగం శుభ్రంగా ఉంటే చాలా వరకు పని అయిపోయినట్టే.

మన ప్రాంతం వాద్యాలకు ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారికి 2022లో, నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ తీగల పలుకు మనిషి గొంతు ఉన్న మధ్య భాగంలోనే ఉంటుంది. దాని మీద కీబోర్డు స్వరాలు దట్టంగా పరిస్తే కిన్నెర వినపడదు, గొంతూ వినపడదు. కీబోర్డును అక్కడ ఈక్వలైజర్‌తో, అంటే ఏ స్వరాలు ఎంత ఉండాలో పెంచి తగ్గించే పనిముట్టుతో, తగ్గించాలి. లేదంటే తీసేయాలి. నన్నడిగితే తీసేయమనే అంటాను.

మైక్ సెట్‌లో కోరస్ మాయమవడానికి కారణం వేరు. కోరస్ విశాలంగా వినపడాలని కుడి పక్కకు ఒక తరంగం, ఎడమ పక్కకు దాన్నే తలకిందులు చేసిన తరంగం వాడతారు. హెడ్‌ఫోన్‌లో అద్భుతంగా ఉంటుంది. మైక్ సెట్‌లో రెండు పక్కలనూ కలిపి ఒకటిగా పంపుతారు. ఒక తరంగం పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగుతుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిక్స్ చేసేటప్పుడే రెండు పక్కలనూ ఒకటిగా కలిపే మోనో బటన్ నొక్కి వింటే ఈ సంగతి వెంటనే బయటపడుతుంది.

గది కూడా మోసం చేస్తుంది. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. పది పన్నెండు అడుగుల స్లాబు గదిలో అది గోడలకు తగిలి తిరిగొచ్చి, మూలల్లో పోగవుతుంది, కొన్ని చోట్ల అసలు వినపడదు. గోడకు కోడిగుడ్ల అట్టలు కొడితే దానికేమీ కాదు. మూలల్లో మందమైన దూది పరుపులు నిలబెడితే కొంత నయం. పత్తి పండే జిల్లాల్లో దూదికి కరువా!

సౌండ్ బాగా పెంచి మిక్స్ చేయొద్దు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే చూపించారు, సౌండ్ తగ్గేకొద్దీ కింది స్వరాలు చెవికి మరింత తక్కువగా వినపడతాయని. పెద్దగా పెట్టి బాస్ సరిపోయిందనుకుంటే, తగ్గించి వినేవాళ్లకు అది చాలదు. గొంతు సంగతి మాత్రం సౌండ్ తగ్గించి విన్నప్పుడే తేలుతుంది. యూట్యూబ్ కోసం పాటను పిండి పిండి గట్టిగా చేయడమూ వృథా. పాట మొత్తం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క లఫ్స్. సుమారు మైనస్ 14 లఫ్స్ కన్నా గట్టిగా ఉంటే యూట్యూబే దాన్ని తగ్గించేస్తుంది.

ఖరీదైన స్పీకర్లు లేవని దిగులు పడకండి. 1978లో యమహా తెచ్చిన ఎన్ఎస్ 10 ఇళ్ల కోసం చేసిన స్పీకర్. మధ్య స్వరాల్లో తప్పులను దాచకుండా చూపిస్తుందని ప్రపంచమంతటా స్టూడియోలు దాన్ని పెట్టుకున్నాయి. మీ దగ్గరున్న స్పీకర్ ఏదైనా, మీకు బాగా తెలిసిన మంచి పాట దానిలో ఎలా పలుకుతుందో ముందు వినండి, తర్వాత మీ మిక్స్ వినండి.

విడుదలకు ముందు పాటను ఫోన్‌లో, ఆటోలో, వీలైతే మీ ఊరి మైక్ సెట్ ఆయన దగ్గర వేయించి వినండి. ఆ పాట ఎన్నడూ వినని మనిషిని పక్కన కూర్చోబెట్టి, ఒక చరణం అయ్యాక మాటలు చెప్పమనండి. ఏ మాట దగ్గర తడబడితే అక్కడ ఏ వాద్యం అడ్డొచ్చిందో చూసి, గొంతు పెంచే ముందు దాన్ని తగ్గించండి.

సెలవు. నమస్కారం.