కొండ అవతలి అంగడి

శ్రోతలకు నమస్కారం. అమెరికా దక్షిణాదిన, అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ అనే ఊరుంది. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ దగ్గరదగ్గరే దొరకడంతో 1871లో వెలసిన ఉక్కు పట్టణం. దాని దక్షిణాన రెడ్ మౌంటెన్ అనే పొడవాటి కొండ. ఇటు కొలుములు, పొగ, కార్మికుల పేటలు. అటు చెట్ల నీడన కలిగినవారి ఇళ్లు. అక్కడివాళ్లు ఇప్పటికీ ‘కొండ అవతల’ అంటే చాలు, ఎవరి సంగతో తెలిసిపోతుంది.

ఒకప్పుడు పండుగ బేరం అంతా కొండకు ఇటే, ఊరి నడిబొడ్డున జరిగేది. లవ్‌మన్స్, పిజిట్జ్ వంటి పెద్ద అంగళ్లు అక్కడే ఉండేవి. నల్లవారు వాటిలో బట్టలు కొనవచ్చు; భోజనం బల్ల దగ్గర మాత్రం కూర్చోకూడదు. 1963 వసంతంలో, సరిగ్గా ఈస్టర్ బేరం వేళ, వారు ఆ అంగళ్లను బహిష్కరించారు. గల్లాపెట్టెలు బోసిపోయాయి. భోజనం బల్లలు, బట్టలు వేసుకుని చూసుకునే గదులు అందరికీ తెరుస్తామని మే నెలలో వర్తకులు ఒప్పుకున్నారు. అంత పోరాడి ఆ తలుపులు తెరిపించుకుంటే, ఆ తరువాతి ఏళ్లలో అంగడే అక్కడి నుంచి తరలిపోయింది.

తరలించింది రోడ్డు. 1970లో రెడ్ మౌంటెన్‌ను నిలువునా కోసి ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. ఆ కోతలో రాతి పొరలు ఒకదానిపై ఒకటి బయటపడ్డాయి. ఊరికి అన్నం పెట్టిన ఎర్రటి ఇనుప ఖనిజం పొర అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఇంతలో రాష్ట్రాలను కలిపే పెద్ద ఇంటర్‌స్టేట్ రహదారులూ వచ్చాయి, నల్లవారి పేటలను చీల్చుకుంటూ. కొండ అవతల, 1967లో వేరే పురపాలక సంఘంగా ఏర్పడిన హూవర్‌లో, రెండు ఇంటర్‌స్టేట్లకు చేరువలో, 1986లో రివర్‌చేజ్ గలేరియా మాల్ తెరిచారు. పొడవాటి గాజు పైకప్పు, పక్కనే హోటలు, ఆఫీసుల భవనం.

అంగడి కొండ అవతలికి పోతే పోయింది, ఊరికేం నష్టమంటారా? అలబామాలో ఆస్తి పన్ను చాలా తక్కువ. పురపాలక సంఘాలు చాలావరకు అమ్మకపు పన్ను మీదే నడుస్తాయి. పొలిమేర దాటి చొక్కా కొంటే, ఆ పన్ను పొలిమేర అవతలి ఖజానాకే చేరుతుంది. హూవర్‌కు 1988లో సొంత పాఠశాలల వ్యవస్థ ఏర్పడింది. మీ పిల్లలు ఎవరైనా అక్కడుంటే, ‘ఇక్కడ స్కూళ్లు బాగుంటాయి’ అని చెప్పే ఉంటారు. బాగుండటానికి వెనుక ఈ లెక్క ఉందని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు! 1960లో 3,40,000 దాటిన బర్మింగ్‌హామ్ జనాభా 2020 నాటికి 2,00,000 దగ్గరికి దిగింది. హూవర్‌ది 92,000 దాటింది.

అయితే మాల్‌కూ ఆయుష్షు ఉంటుంది. 1960లో తెరిచిన ఈస్ట్‌వుడ్ మాల్‌ను 2006లో కూల్చారు. ఆ స్థలంలో వాల్‌మార్ట్ వచ్చింది. దాని దగ్గర్లోని సెంచురీ ప్లాజా 2009లో మూతపడింది. ఇప్పుడక్కడ అమెజాన్ డెలివరీ కేంద్రం. జనం సరుకు కోసం వెళ్లడం పోయి, సరుకే జనం దగ్గరికి బయలుదేరుతోంది. నడిబొడ్డున పిజిట్జ్ భవనాన్ని బాగుచేసి పైన ఇళ్లు, కింద తినుబండారాల అంగళ్లు పెట్టారు. లవ్‌మన్స్ భవనంలో పిల్లల సైన్సు కేంద్రం నడుస్తోంది. నాకైతే ఈ రెండూ ఏ కొత్త మాల్ కంటే మంచి కబురే అనిపిస్తుంది. కాని వీటితో ఊరి ఖజానా పాత రోజుల్లోలా నిండుతుందని అనుకోను.

2022లో బర్మింగ్‌హామ్ ఒక వేగవంతమైన బస్సు మార్గం ప్రారంభించింది. తూర్పున వుడ్‌లాన్ నుంచి నడిబొడ్డు మీదుగా పడమట ఫైవ్ పాయింట్స్ వెస్ట్ దాకా, సుమారు 10 మైళ్లు. కారు లేనివారికి ఆసుపత్రికీ ఉద్యోగానికీ అది ఎంతో ఆసరా. కొండ అవతలికి మాత్రం ఆ బస్సు వెళ్లదు.