ప్రిన్స్ వీధి బడి: జీతం ఎవరిస్తారు?

శ్రోతలకు నమస్కారం.

కన్యస్త్రీలు నడిపే బడిని మన వైపు కాన్వెంటు అంటాము. ఆ మాట వినగానే మెరిసే బూట్లు, మెడపట్టీ, మూడు నెలలకొకసారి కట్టవలసిన ఫీజు గుర్తుకు వస్తాయి. ఈ రోజు నేను చెప్పబోయే కాన్వెంటు మాత్రం అనాథల కోసమూ, ఓడలు దిగిన నిరుపేద ఐరిష్ కుటుంబాల పిల్లల కోసమూ పుట్టినది. న్యూయార్క్ నగరంలో, మాన్‌హట్టన్ దక్షిణ భాగాన, ప్రిన్స్ వీధిలో ఉండిన ఆ బడి పేరు సెయింట్ పాట్రిక్స్. ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సమూహాన్ని మన కథోలికులు 'విచారణ' అంటారు కనుక, దీనిని విచారణ బడి అనవచ్చును.

ఇలాంటి బడి కథను ఎక్కడ మొదలుపెట్టాలి? గురువుల జాబితాతోనో, శంకుస్థాపన తేదీలతోనో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఒక్క ప్రశ్నతో మొదలుపెడతాను: పాఠం చెప్పేవారికి జీతం ఎవరిస్తారు?

తొలి జవాబు మఠకన్యల రూపంలో వచ్చింది. ఎలిజబెత్ సీటన్ అనే వితంతువు, అయిదుగురు బిడ్డల తల్లి, 1809లో మేరీలాండ్ రాష్ట్రంలోని ఎమిట్స్‌బర్గ్‌లో ఒక మఠకన్యల సంఘాన్ని స్థాపించారు. 1817లో ఆ సంఘం నుండి ముగ్గురు సిస్టర్లు న్యూయార్క్‌కు వచ్చి ప్రిన్స్ వీధిలో అనాథాశ్రమం తెరిచారు. 1822లో విచారణ బడి మొదలైంది. 1826 నాటికి సెయింట్ పాట్రిక్స్ గుడికి ఎదురుగా ఇటుకలతో కట్టిన భవనం సిద్ధమైంది. బతుకుతెరువుకు సరిపడేంత పుచ్చుకొని, బ్రతుకంతా బడికిచ్చిన స్త్రీలు వారు. ఆ బడి లెక్కల పుస్తకంలో పెద్ద పద్దు ఏదైనా ఉన్నదంటే, అది ఎవరూ రాయని ఈ పద్దేనని నా అభిప్రాయం.

ప్రభుత్వం కూడా మొదట కొంత ఇచ్చేది. చర్చిలు నడిపే ఉచిత బడులకు రాష్ట్ర నిధిలో వాటా ఉండేది. 1825లో నగరపాలక మండలి దానిని నిలిపివేయగా, ఆ సొమ్ము దాదాపు అంతా 'పబ్లిక్ స్కూల్ సొసైటీ' అనే ప్రైవేటు ధర్మసంస్థ చేతికి పోయింది. ఆ సంస్థ బడులలో ప్రొటెస్టంట్లు వాడే కింగ్ జేమ్స్ బైబిలు చదివించేవారు. పాఠ్యపుస్తకాలలో కథోలికులను కించపరిచే మాటలు ఉండేవి. పన్నులు అందరివీ, పాఠాలు కొందరివీ అయినప్పుడు తగవు రాకుండా ఎలా ఉంటుంది?

ఆ తగవును భుజాన వేసుకున్న మనిషి జాన్ హ్యూస్. ఐర్లండ్‌లోని టైరోన్ ప్రాంతంలో 1797లో పుట్టి, అమెరికాకు వలస వచ్చి, ఎమిట్స్‌బర్గ్‌లోని గురువిద్యాలయంలో, అంటే కథోలిక ఫాదర్లను తయారుచేసే విద్యాలయంలో, తోటమాలిగా పనిచేసి, అక్కడే చదివి గురువై, అంటే ఫాదరై, చివరకు న్యూయార్క్ మేత్రాణులు, అంటే బిషప్పు, అయినవారు. 1840 అక్టోబరులో ఆయన నగరపాలక మండలి ఎదుట రెండు రోజుల పాటు వాదన వినిపించారు. అవతలివైపు న్యాయవాదులూ, ఇతర సంఘాల బోధకులూ బారులు తీరి ఉన్నారు. అభ్యంతరకరమైన వాక్యాలను పుస్తకాలలోంచి తీసివేస్తామని సొసైటీ ముందుకు వచ్చింది. హ్యూస్ దానికి తృప్తిపడలేదు. మండలి ఆయన కోరికను తోసిపుచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికలలో ఆయన కథోలికుల తరఫున ప్రత్యేక అభ్యర్థుల పట్టికనే నిలబెట్టించారు. గురువుగారు ఓట్ల లెక్కలోకి దిగడం ఉచితమా అని అప్పుడే చాలామంది అడిగారు. నాకూ ఆ ఘట్టం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆ ఓట్ల దెబ్బ రాజకీయులకు తగిలిన మాట నిజం.

1842 ఏప్రిల్‌లో మెక్లే చట్టం వచ్చింది. సొసైటీ గుత్తాధిపత్యం కూలింది, ప్రజలు ఎన్నుకునే విద్యామండలి ఏర్పడింది. అయితే మతబోధ చేసే ఏ బడికీ ప్రభుత్వ సొమ్ము ఇవ్వరాదని అదే చట్టం చెప్పింది. చూశారా విచిత్రం! హ్యూస్ గెలిచారు, ప్రిన్స్ వీధి బడికి చిల్లిగవ్వ కూడా రాలేదు. ఆ రోజులలోనే అల్లరిమూకలు గుడి వెనుక ఉన్న ఆయన నివాసం మీద రాళ్ళు రువ్వి కిటికీలు పగులగొట్టాయి.

రెండేళ్ళ తరువాత, 1844లో, ఫిలడెల్ఫియాలో ఇదే బైబిలు తగాదా రాజుకొని రెండు కథోలిక దేవాలయాలు తగలబడ్డాయి. న్యూయార్క్‌లోనూ వలసదారులను ద్వేషించేవారు సభకు పిలుపునిచ్చారు. హ్యూస్ తన గుళ్ళ చుట్టూ ఆయుధాలు పట్టిన కాపలాదారులను నిలిపారు. తన దేవాలయాలలో ఒక్కటి కాలినా ఈ నగరం రెండవ మాస్కో అవుతుందని ఆయన మేయరును హెచ్చరించినట్లు చెబుతారు. నెపోలియన్ ఎదుట మాస్కో తగలబడిన సంగతి అప్పటికి ఎవరూ మరచిపోలేదు. సభ రద్దయింది. గుడి చుట్టూ, సమాధుల చుట్టూ ఎత్తైన ఇటుక గోడ నేటికీ ఉన్నది.

మరి జీతం ఎవరిస్తారు? ఇక విచారణవారే ఇవ్వాలి. గుడి కంటే ముందు బడి కట్టాలన్నది హ్యూస్ పట్టుదల. 1884లో బాల్టిమోర్‌లో సమావేశమైన మేత్రాణులు ప్రతి విచారణకూ ఒక బడి ఉండాలని శాసించారు. కూలివారి కానుకలు ఒకవైపు, సిస్టర్ల సేవ మరొకవైపు ఆ శాసనాన్ని మోశాయి. ఐరిష్ పిల్లలు లేచి వెళ్ళిన బల్లల మీద ఇటాలియన్ పిల్లలు కూర్చున్నారు. చిత్రదర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ అలా కూర్చున్నవారిలో ఒకరు.

ఇరవయ్యవ శతాబ్దం మధ్య నుండి అమెరికాలో మఠాలలో చేరేవారు తగ్గారు. సిస్టరు స్థానంలో కుటుంబం ఉన్న ఉపాధ్యాయురాలు వచ్చినప్పుడు ఆమెకు జీతం ఇవ్వాలి, ఇవ్వడమే న్యాయం. ఆ జీతం ఫీజుగా మారింది, ఫీజుతో పిల్లలు తగ్గారు, పిల్లలు తగ్గగా ఫీజు మళ్ళీ పెరిగింది. నగరం నడిబొడ్డున ఉన్న ఎన్నో విచారణ బడులు ఈ గానుగలోనే నలిగాయి. ప్రిన్స్ వీధి బడి 2010లో మూతపడింది.

ఆ భవనం 1966 నుండి నగరపు రక్షిత కట్టడం కనుక దానిని పడగొట్టలేదు. లోపలి గదులను మార్చి సంపన్నుల నివాసాలుగా అమ్మారు. అనాథ పిల్లలు నిద్రించిన ఆ గోడల మధ్య ఇల్లు కొనాలంటే నేడు లక్షల డాలర్లు కావాలి.