నోరు పెగలని చోట మొదలయ్యే శిక్షణ

సభకు నమస్కారం.

మానవ సంబంధాలు, లైంగికత గురించి బడిలో బోధించడానికి ఉపాధ్యాయులకు శిక్షణ అనగానే మనకు గుర్తొచ్చేవి శరీర నిర్మాణ పటాలు, వ్యాధుల పట్టికలు, ఒక వైద్యుడి ఉపన్యాసం. ఆ సమాచారం అవసరమే, కాని దాన్ని పుస్తకంలోనూ చదువుకోవచ్చు. పుస్తకంలో దొరకనిది, నలభై జతల కళ్లు తమవైపే చూస్తుండగా ఆ మాటలను తడబడకుండా పలికే సాధన.

నేను నిర్వహించే శిక్షణలో మొదటి గంట పుస్తకం తెరవం. ఒక్కొక్కరే లేచి జననాంగాల పేర్లను పైకి పలకాలి. ఏళ్ల తరబడి జీవశాస్త్రం బోధించినవారు కూడా ‘వృషణాలు’ అనేసరికి గొంతు తగ్గిస్తారు, లేదా గోడవైపు చూస్తారు. ఇందులో భాష చేసిన అన్యాయం కూడా కొంత ఉంది. ఈ అవయవాలకు పాఠ్యపుస్తకంలో సంస్కృత పదాలున్నాయి, వీధిలో బూతులున్నాయి, చంటిపిల్లలతో వాడే ముద్దుమాటలున్నాయి; నలుగురిలో మామూలుగా అనగలిగే మాటే కరువు. కాబట్టి పుస్తక పదాన్నే నాలుకకు అలవాటు చేయాలి. సరైన పేరు తెలిసిన బిడ్డ, ఎవరైనా తాకరాని చోట తాకితే, ఎక్కడ తాకారో స్పష్టంగా చెప్పగలుగుతుంది.

తరువాతది ప్రశ్నల పెట్టె. అందరికీ ఒకే రకం చీటీలిచ్చి, ప్రశ్న లేనివారిని కూడా ‘ప్రశ్న లేదు’ అని రాసి వేయమనాలి. లేదంటే కలం కదిలిన చేయి ఎవరిదో తరగతి మొత్తానికీ తెలిసిపోతుంది. ఉపాధ్యాయులు చీటీలను అక్కడికక్కడే విప్పకుండా, ముందుగా చదువుకుని మరుసటి తరగతిలో జవాబివ్వాలి. శిక్షణలో నేనిచ్చే చీటీల్లో ఒకటి ఇది: ‘అందరికీ మీసం వచ్చింది, నాకు రాలేదు. నాలో లోపముందా?’ చాలామంది వెంటనే హార్మోన్ల పాఠం అందుకుంటారు. యౌవనారంభం సాధారణంగా ఆడపిల్లల్లో 8 నుంచి 13, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతుందనీ, ముఖంపై వెంట్రుకలు ఆ మార్పుల్లో ఆలస్యంగా వచ్చేవనీ చెప్పడం సరైనదే. అయితే ఆ చీటీ రాసిన పిల్లవాణ్ణి ఎవరో ఎగతాళి చేస్తున్నారన్న సంగతిని ఎంతమంది పట్టుకుంటారు? లైంగికత విద్యపై యునెస్కో 2009లో వెలువరించి 2018లో సవరించిన మార్గదర్శకంలోని ఎనిమిది ప్రధానాంశాల్లో మొట్టమొదటిది ‘సంబంధాలు’. శరీరం ఆ తరువాతే వస్తుంది.

ఈ విద్య పిల్లల్ని లైంగిక చర్యలవైపు తొందరపెడుతుందన్న తల్లిదండ్రుల భయానికి కూడా ఆ మార్గదర్శకంలో జవాబుంది: పరిశోధనల సమీక్షలో అలాంటి ప్రభావమేదీ కనబడలేదు. ఈ మాటను వాదనకు దిగినట్టు కాక, నెమ్మదిగా, పాఠ్యాంశాలను వారి ముందుంచి చెప్పాలి.

అన్నిటికన్నా కష్టమైన ఘట్టం పాఠం ముగిశాక, గది ఖాళీ అయ్యాక వస్తుంది. ‘మీకొకటి చెప్పాలి, ఎవరికీ చెప్పనని మాటివ్వండి’ అంటూ ఒక విద్యార్థిని బల్ల దగ్గర నిలబడుతుంది. జాలితో ‘సరే’ అన్నామా, అక్కడితో మన చేతులు కట్టుబడిపోతాయి. అనవలసింది ఇది: ‘ఆ మాట ఇవ్వలేనమ్మా. నీకు ప్రమాదముందని తెలిస్తే సాయం చేయగలవారికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతాను.’ ఆపైన వినడమే మన పని. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అని నిలదీయకూడదు, జవాబు నోటికందించే ప్రశ్నలు వేయకూడదు. విన్నదాన్ని ఆ బిడ్డ వాడిన మాటల్లోనే అదేరోజు రాసిపెట్టి, బడిలో పిల్లల రక్షణ బాధ్యత చూసేవారికి అందించాలి.

తొలినాళ్లలో నేను ఈ అంశాన్ని చివరి అరగంటకు నెట్టేవాణ్ణి, అప్పటికి అందరూ సంచులు సర్దుకుంటుండేవారు. కొన్ని నెలల తరువాత, నా దగ్గర శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయిని, తాను ఒక పాపకు అలాంటి మాటే ఇచ్చేశాననీ, ఇప్పుడేం చేయాలో తోచడం లేదనీ ఫోన్ చేశారు. నేను ఆమెకు ఆ వాక్యం గురించి వివరించానే తప్ప, ఒక్కసారీ ఆమె చేత పలికించలేదు. అందుకే ఈరోజు విరామం అయ్యాక ఇద్దరిద్దరుగా కూర్చుందాం. ఒకరు విద్యార్థిని, ఒకరు ఉపాధ్యాయులు. ఆ తరువాత పాత్రలు మార్చుకుందాం.