కొండకి కొట్టే బోల్టు: ఎస్ఎస్ అన్న ఒక్క మాట చాలదు

అందరికీ నమస్కారమండి. ఇంత ఎండలో బెజవాడ దాకా వచ్చారు, గుంటూరు నుంచి బైకుల మీద వచ్చినవాళ్ళు కూడా కనిపిస్తున్నారు, చాలా సంతోషం. రాక్ క్లైంబింగ్‌లో మనిషి పడితే తాడు ఆపడానికి కొండ రాయిలో కొట్టే బోల్టు ఇది, ముందు దీన్ని చేతిలోకి తీసుకోండి, చూసి పక్కవాళ్ళకి ఇస్తూ ఉండండి, నేను మాట్లాడుతుంటాను.

పైన నట్టు తళతళా మెరుస్తోంది కదా. ఇప్పుడు తిప్పి కింది కొస చూడండి, చుట్టూ రేకు ఉంగరంలాగా ఉంది చూశారా, దాన్ని క్లిప్పు అంటారు, అది మొత్తం ఎర్రగా తుప్పు పట్టి గోరుతో గీకితే పొడి రాలుతోంది. ఇది నేను ఆటోనగర్‌లో కొన్నదే. ఎస్ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు అన్నారు, నేనూ నట్టు చూసి నమ్మేశాను, క్లిప్పు దేంతో చేశారో అడగలేదు. ప్రాక్టీసు కోసం నేల మీద ఉన్న బండకి కొట్టాం, రెండు వానాకాలాలు పోయాక ఒకసారి చూద్దామని పానా వేస్తే నట్టు బిగియలేదు, బోల్టు మొత్తం గిర్రున తిరిగింది, చేత్తో లాగితే ఊడొచ్చేసింది. అదే పదిహేను మీటర్ల ఎత్తులో ఎవరో పిల్లాడు దాని మీద వేలాడుతూ ఉంటే? ఆ ఆలోచన వచ్చాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. అందుకే ఈ మాటలన్నీ చెప్పాలనుకున్నాను.

అసలు ఇది ఎలా పట్టుకుంటుందో చూద్దాం. మీ ఇంటికి ఏసీ బిగించేవాళ్ళు ఔట్‌డోర్ యూనిట్‌కి గోడలో కొడతారే ఫాస్టెనర్, జాతి అదే. బోల్టు చివర లావుగా కోను ఉంటుంది, నట్టు బిగిస్తుంటే బోల్టు పైకి వస్తుంది, కోను వెళ్ళి క్లిప్పులోకి దూరుతుంది, క్లిప్పు విచ్చుకుని రాయిని నొక్కిపెడుతుంది. అంటే మనిషి ప్రాణం ఆగేది మెరిసే నట్టు మీద కాదు, లోపల కంటికి కనిపించని ఆ చిన్న రేకు మీద. కాబట్టి బోల్టు, క్లిప్పు, వాషరు, నట్టు, తాడు కొక్కెం తగిలించే పట్టీ, దాన్నే హ్యాంగరు అంటారు, అన్నీ ఒకే గ్రేడు స్టెయిన్‌లెస్ అయి ఉండాలి. జింకు పూత హ్యాంగరుకి స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే తడి తగిలినప్పుడల్లా ఆ హ్యాంగరుని తుప్పు తొందరగా తినేస్తుంది, రెండు రకాల లోహాలు కలిస్తే అంతే.

ఇక గ్రేడు. మన దగ్గర ఎస్ఎస్ పేరుతో 202 అమ్ముతారు, 304 అమ్ముతారు, 316 అమ్ముతారు. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు వేస్తారు, చవక, తుప్పు కూడా తొందరగా పడుతుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటితో పాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పు గాలికి, తడికి అది ఇంకొంచెం ఎక్కువ తట్టుకుంటుంది. చాలామంది జేబులో అయస్కాంతం పెట్టుకుని షాపుకి వెళ్తారు, అది చాలదండి, ఈ మూడింటికీ అది సరిగ్గా అంటుకోదు, ఏది ఏదో తేల్చదు. బోల్టు మీద ఏ2 అని ఉంటే 304 రకం, ఏ4 అని ఉంటే 316 రకం, ఆ గుర్తు చూడండి, బిల్లు మీద కూడా గ్రేడు రాయించుకోండి. హ్యాంగరు మీద ఈఎన్ 959 అని, అది క్లైంబింగ్ బోల్టులకి యూరప్ వాళ్ళ ప్రమాణం, 25 కిలోన్యూటన్లు అని కొట్టి ఉందా చూడండి, అంటే దాదాపు రెండున్నర టన్నుల లాగుడు. బిల్డింగు పనికి చేసిన ఫాస్టెనరు మీద మనిషి పడతాడని ఎవరూ లెక్క వేసి ఉండరు.

మనకి సముద్రం దూరం కాబట్టి 304 చాలదా అని అడుగుతారు. చాలామంది వాడతారు, తప్పనను. నేను మాత్రం 316నే కొనమంటాను, తేడా వచ్చేది డబ్బులోనే, బోల్టు మాత్రం మనం ఎక్కడం మానేశాక కూడా అక్కడే ఉంటుంది, తర్వాత ఎవరో దాన్ని నమ్మి ఎక్కుతారు. అదే విశాఖలో సముద్రం పక్కన రాయి అయితే 316ని కూడా నమ్మొద్దు. థాయిలాండ్‌లో రైలే, టోన్‌సాయ్ దగ్గర సముద్రపు కొండల్లో పైకి బాగానే కనిపించిన స్టెయిన్‌లెస్ బోల్టులు లోపల సన్నటి పగుళ్ళు పట్టి విరిగిపోయాయి, ఇప్పుడు అక్కడ టైటానియం బోల్టులు జిగురు పెట్టి అతికిస్తున్నారు.

ఇప్పుడు రాయి సంగతి, ఇది బోల్టు కన్నా పెద్ద సంగతి. మన బెజవాడ కొండలు ఎక్కువగా ఖోండలైటు అనే రకం రాయి, పైన బాగా పుచ్చిపోయి పొరలు పొరలుగా ఉంటుంది. 2020 దసరాల్లో ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడటం మీరందరూ టీవీలో చూశారు కదా. సుత్తి తీసుకుని, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు, రాయిని కొట్టి వినండి, ఖంగుమంటే గట్టిది, డబడబమంటే లోపల డొల్ల, అక్కడ ఎంత ఖరీదైన బోల్టు పెట్టినా దండగే. గట్టి రాయికి 10 మిల్లీమీటర్ల వెడ్జ్ బోల్టు, అంటే ఈ క్లిప్పు రకమే, సరిపోతుంది, మెత్తగా ఉంటే 12, ఇంకా పొడుగుది, అదీ పట్టకపోతే జిగురుతో పెట్టేది. చీలికకి, అంచుకి జానెడు దూరం ఉంచండి.

డ్రిల్లు రాయికి నిటారుగా పెట్టండి. బొక్క బోల్టు కన్నా కొంచెం లోతుగా వేస్తే రేపు పాతది తీసేయాల్సి వస్తే లోపలికి కొట్టేసి పూడ్చేయొచ్చు. పొడి మొత్తం పోవాలి, ఊదండి, బ్రష్షు తిప్పండి, మళ్ళీ ఊదండి, పొడి ఉంటే క్లిప్పు పట్టేది రాయిని కాదు, పొడినే. టార్క్ పానాతో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో, కంపెనీ చెప్పినంతే బిగించండి, బలం ఉంది కదా అని ఇంకా తిప్పితే థ్రెడ్డు సాగుతుంది, స్టెయిన్‌లెస్ నట్టు మధ్యలో పట్టేస్తుంది కూడా.

ఇంకొక మాట, మొగల్రాజపురం, ఉండవల్లి గుహల చుట్టుపక్కల డ్రిల్లు తీయొద్దు, అవి రక్షిత కట్టడాలు. కొండపల్లి వైపు రిజర్వు ఫారెస్టు ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకండి.

ఆ బల్ల మీద గట్టి రాయి ఒకటి, పుచ్చు రాయి ఒకటి పెట్టాను, బొక్కలు వేసి ఉన్నాయి, టార్క్ పానా పక్కనే ఉంది. రండి, ఒక్కొక్కరూ రెండింటిలోనూ బోల్టు బిగించి చూడండి, పుచ్చు రాయిలో నట్టు బిగుసుకోకుండా తిరుగుతూనే ఉండటం మీ చేతికే తెలుస్తుంది.