వెనిల్లా వాసన వస్తే మంచి వైనేనా? ఓక్‌లో పెట్టిన జర్మన్ వైట్ వైన్ రుచి చూద్దాం

నమస్తే అండీ. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే "అబ్బ, వెనిల్లా! ఖరీదైన వైనే" అని తేల్చేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా చిరాకేస్తుంది. వెనిల్లా వాసన వచ్చిందంటే వైన్‌కి ఓక్ అనే చెట్టు చెక్క తగిలిందని అర్థం, అంతే. పక్కింటి పోపు ఘుమఘుమ వీధిలోకే వచ్చేస్తుంది కదా, అంతమాత్రాన లోపల పప్పు ఉడికిందో లేదో ఎలా చెప్తాం?

ఇవాళ నా ముందున్నది గ్రౌబుర్గుండర్. ఇటలీవాళ్ళు పినో గ్రిజో అనే ద్రాక్షే ఇది. ఫ్రైబుర్గ్ దగ్గర, బాడెన్ ప్రాంతంలోని కైజర్‌ష్టూల్‌ది, అంటే ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం మీద తోటలన్నమాట. జర్మనీలో బాగా వెచ్చగా ఉండే చోట్లలో అదొకటి, అందుకే ద్రాక్ష బాగా పండి వైన్ చిక్కగా వస్తుంది, ఓక్‌ని తట్టుకుంటుంది. రీస్లింగ్ అనే సన్నటి, పుల్లటి వైట్ వైన్‌ని కొత్త ఓక్ పీపాలో పోస్తే చారులో గుప్పెడు ఇంగువ వేసినట్టే. జర్మనీలోనే మోజెల్ అనే ప్రాంతంలో రీస్లింగ్‌నీ చెక్క పీపాల్లో ఉంచుతారు కానీ అవి వెయ్యి లీటర్ల ఫూడర్లు, ఏళ్ళ తరబడి వాడినవి, వాటి నుంచి చెక్క వాసన దాదాపు రాదు. బరీక్ అనే పీపా 225 లీటర్లే. చిన్న పీపా, కొత్త చెక్క, లోపలంతా నిప్పుతో కాల్చి ఉంటుంది. వెనిల్లా, కొబ్బరి, లవంగం వాసనలన్నీ అక్కడివే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. పప్పు విడిగా ఉడికించి చివర్లో పోపు వేస్తే మొదటి ముద్దలో పోపే తెలుస్తుంది. అదే పోపులోనే పప్పు వేసి ఉడికిస్తే ఏ రుచి ఎక్కడిదో విడదీయలేం. స్టీల్ ట్యాంకులో పులిసిన వైన్‌ని తర్వాత పీపాలోకి మారిస్తే ఓక్ పైపైన తేలుతుంది. రసాన్ని పీపాలోనే పులియబెడితే ఈస్ట్ చెక్కలోంచి వచ్చే వెనిలిన్‌లో, అంటే ఆ వెనిల్లా వాసననిచ్చే పదార్థంలో, కొంత భాగాన్ని వాసన తక్కువుండే పదార్థంగా మార్చేస్తుంది, అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డి ఇంకొంత పట్టుకుంటుంది. చూడండి, మొదటి రోజు నుంచీ చెక్కలో ఉన్న వైన్‌లోనే చెక్క తక్కువ తెలుస్తుంది! ఇది తెలిశాక నేను వైన్ తాగే తీరే మారిపోయింది.

ఒక గుక్క తీసుకుని వెంటనే మింగకండి, నోరంతా తిప్పండి. నాకు ముందు మాగిన బేరిపండు, వెనకాలే బాదంపప్పు తొక్కలాంటి చిరుచేదు తెలుస్తున్నాయి. మింగాక కాసేపు ఆగండి. నోట్లో చివరికి మిగిలింది పండా, చెక్కా? ఐస్‌క్రీం అయిపోయాక పుల్ల చప్పరించినట్టు వగరుగా ఉంటే పోపు ఎక్కువైంది. పొగ వాసనే మిగిలితే పోపు మాడింది, పీపాని మరీ ఎక్కువ కాల్చారు. వెన్న వాసన వస్తే మాత్రం దయచేసి ఓక్ అనకండి. బ్యాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని, అంటే పచ్చి ఆపిల్ పులుపుని, పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టే డయాసిటైల్ అనే పదార్థం వాసన అది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగకండి, మరీ చల్లగా ఉంటే పండు వాసన అణిగిపోయి వగరే తెలుస్తుంది, 11 లేదా 12 డిగ్రీలకు రానివ్వండి. లేబుల్ మీద ట్రోకెన్ అని ఉంటే తియ్యటి వైన్ కాదు, చక్కెర లీటరుకి 9 గ్రాములు దాటదు. రంగులో కాస్త రాగి ఛాయ ఉన్నా కంగారు పడకండి, ఈ ద్రాక్ష తొక్కే గులాబీ కలిసిన బూడిద రంగు. గోధుమ రంగుకు తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే మాత్రం గాలి తగిలి పాడైనట్టే. సీసా అడుగున మెరిసే పలుకులు గాజు కాదు, టార్టరిక్ ఆమ్లం నుంచి వచ్చిన స్ఫటికాలు, ఏమీ కాదు.

సగం సీసా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రేపు ఇంకో గుక్క తాగి చూడండి. వెనిల్లా తగ్గి బేరిపండు ముందుకొచ్చిందో, పోపు ఇంకా పైనే తేలుతోందో కింద కామెంట్‌లో రాయండి.